టైలరు చూసొచ్చిన పెద్ద తోపు

ఆ వీధిలో టైలరు కొట్టుకి బోర్డు లేదు. కోతల టైలరు ఎక్కడ అని అడిగితే పాలవాడి దగ్గర్నుంచి పోస్ట్‌మాన్ దాకా ఎవరైనా చెయ్యి చూపిస్తారు. కత్తెరతో ఆయన కోసే గుడ్డ రోజుకి ఇరవై గజాలు దాటదు గానీ, నోటితో కోసేదానికి టేపు చాలదు. ఆ మాట ఆయన ముందే అంటారు, ఆయనా నవ్వుతాడు. కోతల్లేకుండా చొక్కా ఎలా తయారవుతుందయ్యా, అని ఎదురు అడుగుతాడు.

మామూలు రోజుల్లో ఆ కోతల వల్ల ఎవరికీ నష్టం లేదు. పొద్దుపోని వాళ్ళకి పొద్దుపోతుంది, అంతే. ఆ సాయంత్రం మాత్రం ఆయన అల్లుడి కాపురం వాటి మీద వేలాడుతోంది.

అల్లుడు సున్నపు మేస్త్రీ. సిమెంటు పని కాదు, పాత కట్టడాలకి గానుగలో నూరిన సున్నంతో చేసే పని. బస్సులో నాలుగు గంటల దూరంలో, సముద్రం ఒడ్డున, ఒకప్పుడు సైన్యం ఉన్న కోట ఒకటుంది. ఎనిమిది నెలలుగా అతను దాని గోడలకి మరమ్మతులు చేస్తున్నాడు. పదిహేను రోజులకోసారి ఇంటికొచ్చి, ఒక పూట నిద్రపోయి, ఒక పూట పెళ్ళాం మొహం చూసి, మళ్ళీ బస్సెక్కేవాడు. పెళ్ళయి ఏడాదైంది. ఈ ఎనిమిది నెలల్లో కలిసి ఉన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు కోట ఆఫీసు వాళ్ళు అతని పని పర్మనెంటు చేస్తామన్నారు. కోట పక్కనే ఒక గదీ వంటిల్లూ ఉన్న క్వార్టరు ఇస్తామన్నారు. కాపురం పెట్టేవాళ్ళకే క్వార్టరు, ఒంటిగాళ్ళకి లేదు. రేపు పొద్దున్న పదింటికల్లా ఫోన్ చేసి వస్తున్నామని చెప్పకపోతే అది ఇంకొకళ్ళకి పోతుంది.

టైలరు కూతురికి వెళ్ళాలనే ఉంది. కానీ మొగుడికి తెగేసి చెప్పింది. "మా నాన్న సరే అంటే వస్తాను. కాదంటే రాను. పోట్లాడి గుమ్మం దాటడం నాకు చేతకాదు."

ఒక్కతే కూతురు. పైగా ఆ కొట్టుకి కాజాలు కుట్టేది ఆమే. తండ్రి కోసిన గుడ్డకి పదహారో ఏటి నుంచి ఆమె చేత్తోనే కాజాలు పడుతున్నాయి. ఆ కొట్టు చొక్కాకి బొత్తం ఊడితే ఊడొచ్చు గానీ కాజా పిగలదని వీధి వీధంతా చెప్పుకుంటారు.

అల్లుడు అడిగితే టైలరు అవుననలేదు, కాదనలేదు. "ఎవరో చెప్పారని పిల్లని పంపిస్తానా? నేనే స్వయంగా వెళ్ళి, చూసి, వచ్చి చెబుతాను" అన్నాడు. అన్నట్టే నిన్న మొదటి బస్సుకి వెళ్ళాడు, సాయంత్రానికి తిరిగొచ్చాడు. వచ్చి కాళ్ళు కడుక్కుని, భోంచేసి పడుకున్నాడు. ఏం చూశారని భార్య అడిగితే రేపు నలుగురిలో చెబుతానన్నాడు. ఆయన నోరు మూసుకుని పడుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

అందుకే ఈ సాయంత్రం కొట్టు అరుగు నిండింది. నిండింది అంటే నలుగురే. కరెంటు పోవడంతో పక్క కొట్టు ఇస్త్రీ బాబాయి పెట్టె చల్లారబెట్టి వచ్చేశాడు. రిటైరైన లెక్కల మాస్టారు ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. గడపకి ఆనుకుని మేస్త్రీ. లోపల కిటికీ వెలుతురులో టైలరు కూతురు ఒళ్ళో చొక్కా పెట్టుకుని కాజాలు కుడుతోంది.

మధ్యాహ్నం ఆమె ఇంకో షరతు కూడా పెట్టింది. "నలుగురిలో మా నాన్న మాటకి అడ్డం రాకండి. ఆయన అబద్ధం ఆడరు. కోతలు కోస్తారు."

"రెంటికీ తేడా ఏమిటి?" అన్నాడు మేస్త్రీ.

"అబద్ధం ఎదుటివాళ్ళు నమ్మాలని ఆడతారు. కోతలు ఎదుటివాళ్ళు వినాలని కోస్తారు."

సరేనని మాటిచ్చాడు. ఇచ్చాక గానీ దాని బరువు తెలియలేదు. ఆ కోటలో ప్రతి ఇటుకా అతను చేత్తో తట్టి చూసినది. మామగారు నోరు విప్పితే ఏది ఎన్ని అంగుళాలు సాగిందో అతనికి తెలిసిపోతుంది, తెలిసీ మింగాలి.

నాలుగు గ్లాసుల టీ వచ్చింది. టైలరు మిషను ముందు నుంచి లేచి అరుగు మీదకొచ్చాడు. మెడలో టేపు సర్దుకున్నాడు.

"బస్సు దిగాను. దిగి నేరుగా కోట గుమ్మానికి వెళ్ళాను. వెళ్ళాను కదా, చూద్దును కదా, కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. భోజనాల వేళ, లోపలికి పంపనన్నాడు. పొద్దున్న తొమ్మిదింటికి భోజనాల వేళేమిటయ్యా అందామనుకున్నాను గానీ, మనకెందుకు, వాడి ఆకలి వాడిది. వాడి చొక్కా చూశాను. భుజం దగ్గర కుట్టు ఊడింది. నా కాలరు వెనకాల సూది ఎప్పుడూ ఉంటుందని మీకు తెలుసు. బాబూ, కదలకు, అన్నాను. కదల్లేదు. చొక్కా ఒంటి మీదుండగానే నాలుగు కుట్లు వేసి కొరికేశాను. వాడు భుజం ఇలా తిప్పి చూసుకుని, అలా గేటు తీశాడు."

"ఒంటి మీదే కుట్టావా అన్నయ్యా? చర్మానికి తగల్లేదూ?" అన్నాడు ఇస్త్రీ బాబాయి.

"తగిలితే వాడు చెప్పేవాడు కాదూ?"

మేస్త్రీ ఊపిరి పీల్చుకున్నాడు. కాపలావాళ్ళ చొక్కాలు నిజంగానే భుజాల దగ్గర చినిగి ఉంటాయి. ఈ లెక్కన మామగారు లోపలికి వెళ్ళే ఉంటాడు, చూసే ఉంటాడు, చూస్తే సరేననకుండా ఎలా ఉంటాడు అనుకున్నాడు. టీ ఒక గుక్క తాగాడు.

"లోపలికెళ్ళగానే మెట్లు. ఎన్ని మెట్లనుకున్నారు? మూడొందల అరవై."

నలభై రెండు. ఒక్కో మెట్టు అంచూ మేస్త్రీ స్వయంగా కట్టాడు.

"మూడొందల అరవై అంటే," మాస్టారు కళ్ళు మూసుకుని లెక్కవేశాడు, "మెట్టుకి అర అడుగు చొప్పున నూట ఎనభై అడుగులు. పద్దెనిమిది అంతస్తుల మేడ."

"అదే నేననేది! సగం మెట్లెక్కి కిందకి చూస్తే కాకుల వీపులు కనిపించాయి. ఎప్పుడైనా చూశారా మీరు, కాకి వీపు? పైనుంచి అది మరీ అంత నలుపేం కాదు. సరే, ఇంకా ఎక్కుతున్నాను. ఎక్కుతున్నాను గానీ నా ధ్యాసంతా ఒకటే. మా అమ్మలు రోజూ ఈ మెట్ల మీద బిందెలు మోస్తుందా అని."

క్వార్టరు వంటింట్లోనే కొళాయి ఉంది. మేస్త్రీ ఆ మాట అనడానికి నోరు తెరిచాడు. లోపల సూది ఆగింది. అతను తెరిచిన నోట్లో టీ పోసుకున్నాడు.

"పైకెక్కితే కోట నడిమధ్యలో బావి. అప్పట్లో సిపాయిలందరూ ఆ నీళ్ళే తాగేవారట. లోతెంతో చూద్దామని జేబులోంచి దారం రీలు తీశాను. వెయ్యి గజాల రీలు. చివర ఒక బొత్తం కట్టి వదిలాను. పోతోంది, పోతోంది, రీలు అయిపోయింది. రెండోది ముడేశాను. అదీ అయిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఐదు రీళ్ళు పట్టింది."

లోపలి గదిలోంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "కొట్లో ఒక్క రీలు కూడా తగ్గలేదే!"

"తిరిగి చుట్టి తెచ్చానే! దారం బావిలో వదిలేసి వస్తానా?" ఆయన అటు చూడకుండానే జవాబిచ్చాడు. "మాస్టారూ, ఐదు రీళ్ళంటే ఎంత?"

"ఐదు వేల గజాలు. నాలుగున్నర కిలోమీటర్ల పైన."

"చూశారా, ఆ మాట మాస్టారు అన్నారు, నేను కాదు. ఇంకా వినండి. ఐదో రీలు చివర నా వేళ్ళ మధ్య ఉంది. ఉన్నట్టుండి కింద నుంచి ఎవరో లాగారు."

"కింద నుంచా!" ఇస్త్రీ బాబాయి గ్లాసు కింద పెట్టేశాడు. "ఎవరు?"

"నాకేం తెలుసు? భూమికి అవతల పక్క కూడా మనుషులున్నారు కదా, వాళ్ళ బావి లోతెంతో చూద్దామని వాళ్ళూ దారం వదిలినట్టున్నారు. నా దారానికీ వాళ్ళ దారానికీ చిక్కు పడింది. నేను లాగుతాను, వాళ్ళు లాగుతారు. చివరికి నాలుగు గజాలు వాళ్ళది నాతో వచ్చేసింది. నాది తెల్ల దారం, వాళ్ళది నలుపు."

"నలుపెందుకూ?"

"మనకి పగలైతే వాళ్ళకి చీకటి కాదటయ్యా?"

మాస్టారు అంతటివాడు కూడా అవునన్నట్టు తలూపి, ఊపిన తర్వాత నాలుక కరుచుకున్నాడు.

"నవ్వులాట కాదు," టైలరు గొంతు తగ్గించాడు. "అలాంటి బావి దగ్గర మా అమ్మలు వంగి చేద వేసిందనుకోండి. అటు నుంచి వాళ్ళు లాగారనుకోండి. పిల్లని నేను ఎక్కడని వెతుక్కోను?"

ఆ బావి మీద ఇనప చువ్వల మూత ఉంది. లోతు ముప్పై అడుగులు. అందులో ఒక ముసలి తాబేలుంది. మేస్త్రీ ఆ మూడు ముక్కలూ వరసగా మింగాడు. ఒక పక్క నవ్వు వస్తోంది, ఒక పక్క భయం వేస్తోంది. మామగారు ఈసారి వినాలని కోయడం లేదు, నమ్మాలని కోస్తున్నాడు. ప్రతి కోతకీ చివర కూతురి పేరు తెచ్చి ముడేస్తున్నాడు.

"తర్వాత దీపస్తంభం. ఓడలకి దారి చూపించేది. దాని మెట్లు నేను లెక్కపెట్టలేదు, మాస్టారు మళ్ళీ కళ్ళు మూసుకుంటారని. పైకెళ్ళి తలుపు తీశాను. గాలి! గాలంటే ఫ్యాను గాలి కాదు, వానాకాలం గాలీ కాదు. ముందు కళ్ళజోడు పోయింది. పోతే పోనీ, దూరపు చూపు బాగానే ఉంది. తర్వాత చొక్కా బొత్తాలు పోయాయి, పటపటపట, ఆరూ. తర్వాత జేబు పోయింది. తర్వాత చేతులు, వీపు, మొత్తం గుడ్డ, పోగు పోగు విడిపోయి సముద్రం మీదకి ఎగిరిపోయింది. ఇంక ఒంటి మీద ఏం మిగిలిందో తెలుసా?"

"ఏం మిగులుతుంది? బనీను," అన్నాడు ఇస్త్రీ బాబాయి.

"కాజాలు."

ఇస్త్రీ బాబాయి తన చొక్కా కాజాలు తడిమి చూసుకున్నాడు.

"ఆరు కాజాలు, వరసగా, నా గుండెల మీద అలాగే నిలబడి ఉన్నాయి. గుడ్డ లేదు, కాజాలున్నాయి. ఎందుకు? అవి మా అమ్మలు కుట్టినవి."

"గుడ్డ లేకపోతే కాజా అంటే వట్టి చిల్లే కదయ్యా," అన్నాడు మాస్టారు.

"వట్టి చిల్లే మాస్టారూ. కానీ పిగల్లేదు!"

ఇస్త్రీ బాబాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. లోపల కూతురు తలెత్తలేదు. మేస్త్రీ మాత్రం నవ్వలేకపోయాడు. తన గోడల గురించి తను ఎప్పుడైనా ఇంత గొప్పగా చెప్పుకున్నాడా అని ఆలోచించాడు. ఇంత ఇష్టపడే మనిషి దగ్గర్నుంచి పిల్లని తీసుకుపోవడం తప్పేమో అని కూడా ఒక్క క్షణం అనిపించింది. అనిపించినందుకు ఒళ్ళు మండింది. పెళ్ళి చేసుకున్నది తను కాదూ?

"ఆ గాలికి మా అమ్మలు ఆరేసిన బట్టలతో పాటు ఎగిరిపోతుంది. సరే. ఇంక చివరిది. అన్నిటికన్నా అసలైనది." టైలరు అరుగు అంచుకి జరిగాడు. "పెద్ద తోపు."

మేస్త్రీకి టీ పొలమారింది. ఇస్త్రీ బాబాయి వీపు మీద చరిచాడు. దగ్గుతూనే మేస్త్రీ లోపలికి చూశాడు. ఈసారి అతని భార్య తలెత్తి తండ్రినే చూస్తోంది.

"తోపంటే మీకు తెలీకపోవచ్చు. ఫిరంగి! పాతకాలం వాళ్ళు తోపనేవారు."

"నిజమే," అన్నాడు మాస్టారు. "ఫిరంగులు పెట్టే చోటుని తోపుఖానా అంటారు."

"అదీ, చదువుకున్నవాళ్ళతో మాట్లాడితే హాయి. ఆ తోపు నోరెంతనుకున్నారు? ఈ కొట్టుని మిషన్లతో సహా అందులో పెట్టినా ట్రయలు గదికి ఇంకా చోటు మిగులుతుంది. లోపలెలా ఉంటుందో చూద్దామని నడిచాను. నడుస్తున్నాను, నడుస్తున్నాను. సగం దూరం వెళ్ళాక ఒక టీ కొట్టుంది."

"ఫిరంగి లోపలా!"

"మరి అంత దూరం నడిచేవాడికి టీ ఉండొద్దూ? తాగాను. పంచదార మరీ ఎక్కువ. సగం గ్లాసు అయిందో లేదో, వెనకాల ఎక్కడో అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోజూ పన్నెండింటికి ఊరికి టైము చెప్పడానికి ఆ తోపు పేలుస్తారట. టీ కొట్టువాడికి తెలుసు, వాడు గోడ పట్టుకున్నాడు. నాకెవరు చెబుతారు? ఢాం! నేనూ, గ్లాసూ, కోట మీది జెండా ఒకేసారి ఆకాశంలో ఉన్నాం. ఎంత ఎత్తుకి వెళ్ళానంటే, కింద భూమి చొక్కా బొత్తమంత కనబడింది. సముద్రం మీద మూడు ఓడలు, వాటి మీద మనుషులు నాకు చెయ్యూపుతున్నారు. నేనూ ఊపాను. పైకి వెళ్ళినంతసేపు బాగానే ఉంది, ఇంక దిగడం మొదలైంది. అప్పుడు బుర్ర పనిచేసింది. పక్కనే జెండా వస్తోంది, మంచి గుడ్డ, మడత పెట్టి గొడుగులా కుడితే దిగొచ్చు. కాలరు వెనకాల సూది తీశాను."

"ఆగాగు," మాస్టారు వేలెత్తాడు. "చొక్కా దీపస్తంభం మీదే పోయింది కదా? ఇంక కాలరెక్కడిది?"

అరుగు మీద అందరూ టైలరు మొహం కేసి చూశారు. ఆయన మాస్టారు కేసి జాలిగా చూశాడు.

"అందుకే కదా మాస్టారూ, కాజాలు మిగిలాయని ముందే చెప్పాను. గాలి చూసి సూది తీసి కాజాలో గుచ్చుకున్నాను."

"దారమో?"

"అవతలి వాళ్ళ నల్ల దారం నాలుగు గజాలు జేబులో... జేబు పోయింది, చెవికి చుట్టుకున్నాను. గాల్లోనే పక్క కుట్లు వేశాను, అంచులు మడిచాను, ఇస్త్రీ ఒక్కటే తక్కువ. దాన్ని పట్టుకుని నెమ్మదిగా దిగితే ఎక్కడ దిగాననుకున్నారు? రెండు గంటల బస్సు పైకప్పు మీద. లోపల సీటుంది, దిగిరండి, అన్నాడు కండక్టరు."

"టీ ఒలికిందా అన్నయ్యా?"

"ఒక్క చుక్క ఒలికితే అడుగు. గ్లాసు తిరిగివ్వడం మర్చిపోయాను, అదొక్కటే బాధ."

మాస్టారు కూడా నవ్వేశాడు. ఇద్దరూ నవ్వుతుండగానే టైలరు గొంతు మారింది. ఇప్పుడాయన కథ చెప్పడం లేదు, తీర్పు చెబుతున్నాడు.

"ఆ తోపు క్వార్టర్ల ఎదురుగుండానే ఉంది. రోజూ పేలుతుంది. అక్కడ కాపురమేమిటి? అందుకని నేను చెప్పేదేమిటంటే, అల్లుడి పని అల్లుడు చేసుకోనీ, వద్దనను. మా అమ్మలు మాత్రం ఇక్కడే ఉంటుంది. నెలకి రెండుసార్లు ఆయనే వచ్చి పోతాడు. ఇన్నాళ్ళూ జరగలేదూ?"

లోపల సూది కదల్లేదు.  రేపు పదింటికి ఆఫీసుకి ఏం చెప్పాలో మేస్త్రీకి తెలిసిపోయింది.

అప్పుడు మాస్టారే అన్నాడు. "ఇంతసేపూ మనం ఆలోచించలేదు. ఎనిమిది నెలలు అక్కడున్నవాడు ఇక్కడే కూర్చున్నాడు. ఏమయ్యా మేస్త్రీ, పెద్ద తోపు రోజూ పేలుతుందా?"

ఒక్క మాట. పేలదండీ అంటే చాలు. క్వార్టరు దక్కుతుంది. నలుగురిలో మామగారి పరువు పోతుంది, భార్యకిచ్చిన మాట పోతుంది. మేస్త్రీ మామగారి కేసి చూశాడు. ఆయన అరుగు మీద గీత గీస్తున్నట్టు వేలితో రాస్తున్నాడు. ఎదుటివాడి కేసి చూడకుండా ఆయన కూర్చోవడం మేస్త్రీ అదే మొదటిసారి చూశాడు. కోపం రావలసిన చోట జాలి వచ్చింది.

"మామయ్య గారు స్వయంగా చూసొచ్చారు కదండీ," అన్నాడు. "ఆయన చెప్పిందే."

టైలరు చటుక్కున తలెత్తాడు. ముప్పై ఏళ్ళ కోతల్లో ఆయనకి సాక్షి దొరకడం అదే మొదలు. సంతోషించాల్సింది పోయి, దొంగసొత్తు చేతిలో పెట్టినట్టు చూశాడు.

లోపల దారం కొరికిన చప్పుడైంది. కూతురు చొక్కా పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చింది.

"నాన్నా, పెద్ద తోపు ఏ రంగులో ఉంది?"

"నలుపు. ఇనుము నలుపు కాక ఎరుపుంటుందటే?"

"చెట్లు నల్లగా ఎందుకుంటాయి నాన్నా?"

"చెట్లేమిటి?"

"పెద్ద తోపంటే ఫిరంగి కాదు. సరుగుడు తోపు. కోట పక్కన అరమైలు పొడుగునా సరుగుడు చెట్లే. ఈయన ఎనిమిది నెలలు మధ్యాహ్నాలు దాని కింద కూర్చునే భోంచేశారు. అక్కణ్ణుంచే నాకు ఫోన్ చేసేవారు. హోరుమని వినిపిస్తుంటే ఆ చప్పుడేమిటని అడిగేదాన్ని. పెద్ద తోపులో గాలి అనేవారు. బస్టాండులో బోర్డుందట, చూడదగిన స్థలాలని. కోట మెట్లు, మంచినీళ్ళ బావి, దీపస్తంభం, పెద్ద తోపు. అదే వరస. నువ్వు చెప్పిందీ అదే వరస."

ఒక్క క్షణం ఆగి ఇస్త్రీ బాబాయి భళ్ళున నవ్వాడు. "సరుగుడు చెట్టులోంచి ఎగిరావా అన్నయ్యా! అందులో టీ కూడా తాగావా!"

"ఐదు వేల గజాలు నా చేత లెక్క కట్టించావు కదయ్యా!" అన్నాడు మాస్టారు. "తోపుఖానా అని సాక్ష్యం కూడా చెప్పాను!"

కూతురు మొగుడి వైపు తిరిగింది. "మీరు కూడానా? అడ్డం రావద్దన్నాను గానీ, ఆయన కోస్తుంటే కుట్లు వెయ్యమన్నానా?"

మేస్త్రీ ఖాళీ గ్లాసులోకి చూశాడు. ఆమె తండ్రి పక్కన అరుగు మీద కూర్చుంది.

"బస్టాండు దాటావా నాన్నా?"

టైలరు మెడలోంచి టేపు తీసి వేళ్ళకి చుట్టడం మొదలుపెట్టాడు. "దాటలేదు."

"ఐదు గంటలూ?"

"బెంచీ మీద కూర్చున్నాను. రెండు టీలు తాగాను. పంచదార ఎక్కువన్నది నిజం. కోట అక్కడికి కనిపిస్తూనే ఉంటుంది. నడిస్తే పది నిమిషాలన్నారు."

"మరి వెళ్ళకపోయావా?"

నవ్వుతున్న ఇద్దరూ ఆగిపోయారు. టైలరు టేపు చుట్టడం పూర్తయింది. మళ్ళీ విప్పాడు.

"చూడని దాని గురించి ఎంతైనా కోస్తాను అమ్మలూ. చూసినదాని గురించి నాకు కోతలు రావు. వెళ్ళి ఇల్లు చూస్తాననుకో. బాగుంటుంది, మీ ఆయన చేతి పని నాకు తెలీదా. బాగుంటే వచ్చి బాగుందనే చెప్పాలి. చెబితే నువ్వు వెళ్ళిపోతావు. అందుకని చూడలేదు."

ఇస్త్రీ బాబాయి లేచి, పెట్టె చల్లారిందో లేదో చూసొస్తానని గొణిగాడు. అది చల్లారి గంట దాటింది. మాస్టారు ప్యాంటు సంగతి ఎత్తలేదు.

"నాకు వెళ్ళాలని ఉంది నాన్నా," అంది కూతురు. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, గొంతులో లేవు. "కానీ నువ్వు సరేనంటేనే. ఆ మాట ఇప్పటికీ అదే."

 టైలరు టేపు మళ్ళీ మెడలో వేసుకున్నాడు. తర్వాత చెవి మీది పెన్సిలు తీసుకున్నాడు. బిల్లు పుస్తకం వెనక అట్ట తిప్పాడు. కూతురి వైపు కాకుండా అల్లుడి వైపు తిరిగాడు.

"కిటికీలెన్ని?"

మేస్త్రీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మాట తడబడింది. "రెండండీ. గదికొకటి, వంటింటికొకటి."

"గాలి?"

"సాయంత్రాలు గట్టిగానే ఉంటుందండీ. ఆ మాట మీరన్నది నిజమే."

"ఎండ?"

"పొద్దున్న గది కిటికీలోంచి వస్తుంది."

"అయితే దానికి ముదురు రంగు గుడ్డ వెయ్యాలి. కింద మడత బరువుగా ఉండాలి, లేకపోతే తెర నిలవదు. వెడల్పు?"

"మూడడుగులు."

"ఎత్తు?"

"నాలుగు. రెండు కిటికీలూ ఒకే కొలత. చట్రాలు నేనే బిగించాను."

టైలరు పెన్సిలు ములుకు నాలుక మీద తడిపి రాసుకున్నాడు. కూతురు ఒక పక్క నుంచి, అల్లుడు ఇంకో పక్క నుంచి అట్ట మీదకి వంగారు. కిటికీలు రెండు, వెడల్పు మూడు, ఎత్తు నాలుగు. కుట్టుకి వదిలే రెండంగుళాలు తప్ప ఆయన ఇంకేమీ కలపలేదు.